నిప్పును మోసే గద్ద: సాక్ష్యమూ, సంకల్పమూ

రాత్రి నిద్రకు ముందు దీపాలు ఆర్పివేయవలెనని మహాప్రవక్త (స) ఆదేశించిన హదీసు ముస్లిం గృహాలలో చాలామందికి తెలిసినదే. హజ్రత్ జాబిర్ (ర) ఉల్లేఖనంగా సహీహ్ బుఖారీలో ఉన్న ఆ హదీసులో ఆదేశానికి కారణం కూడా చెప్పబడినది. ఎలుక వత్తిని లాగుకొనిపోయి ఇంటివారిని కాల్చివేయవచ్చును. ఆనాటి దీపం నూనె పోసిన ప్రమిద. నూనెలో నానిన వత్తి ఎలుకకు ఆహారం. ఎలుక కోరేది నూనె; నిప్పు దాని వెంట వచ్చే ఉపద్రవం. ఇల్లు కాల్చవలెనని ఎలుక అనుకున్నదని ఈ హదీసు చెప్పదు. దీపం ఆర్పవలసిన బాధ్యత మాత్రం మనిషి మీద పెట్టబడినది.

ఇట్లు తెలియక నిప్పును మోసే జంతువు సంగతి పద్నాలుగు శతాబ్దాలుగా వింటున్నదే. తెలిసి, వేట కోసం నిప్పును మోసే పక్షి ఉన్నదన్న మాట మాత్రం పండితలోకానికి ఆలస్యంగా చేరినది. ఆ మాట వచ్చినది ఉత్తర ఆస్ట్రేలియా నుండి.

అక్కడి నార్తర్న్ టెరిటరీలో వానలు వెనుదిరిగిన తరువాత మనిషెత్తు గడ్డి ఎండి, ఏటేటా కార్చిచ్చులు వ్యాపిస్తాయి. మంట ముందుకు సాగుతుంటే మిడతలు, బల్లులు, పాములు, చిట్టెలుకలు ప్రాణభయంతో బయటికి వస్తాయి. వాటి కోసం గద్దలు పదులకొద్దీ, ఒక్కొక్కప్పుడు వందలకొద్దీ, పొగ అంచున తిరుగుతుంటాయి. ఇంతవరకు వింత లేదు. పొలాలలో కొయ్యకాళ్ళు తగులబెట్టినప్పుడు ఆకాశంలో గద్దలు చేరడం తెలుగు రైతు ఎరిగిన దృశ్యమే. అయితే ఆస్ట్రేలియాలోని ఆదివాసులు ఇంకొక మాట చెపుతారు. మంట ఏటి ఒడ్డునో, బాట దగ్గరనో ఆగి చల్లబడబోతున్నప్పుడు, గద్ద కిందికి దిగి ఒక చివర మాత్రమే కాలుతున్న పుల్లను గోళ్ళతోనో, ముక్కుతోనో ఎత్తుకొనిపోయి, కాలని గడ్డిలో పడవేస్తుంది. అక్కడ కొత్త మంట లేస్తుంది. గద్దలు తిరిగి వేటకు కూర్చుంటాయి.

ఈ పని చేసేవి మూడు జాతులని చెప్పబడినది: నల్ల గద్ద, ఈల గద్ద, గోధుమరంగు డేగ. వీటిలో నల్ల గద్ద పరాయి పక్షి కాదు. హైదరాబాదు ఉర్దూలో చీల్ అని, అరబ్బీలో హిదఅ అని పిలిచేది ఈ జాతినే. ఆఫ్రికా నుండి ఆస్ట్రేలియా వరకు అది పరచుకొని ఉన్నది.

ఆదివాసుల ఈ కథనం మొదట విస్తృతంగా అచ్చులోకి వచ్చినది 1962లో. రోపర్ నది ప్రాంతపు అలావా తెగకు చెందిన వైపుల్దన్యా చెప్పగా డగ్లస్ లాక్‌వుడ్ అనే పాత్రికేయుడు వ్రాసిన జీవితకథలో అది ఉన్నది. పొగలు కక్కే పుల్లను గద్ద ఎత్తుకొనిపోయి అర మైలు అవతలి ఎండుగడ్డిలో వేయడం తాను స్వయంగా చూచితినని వైపుల్దన్యా చెప్పినాడు. కొన్ని తెగల పవిత్ర కర్మకాండలలో ఈ పక్షి చేష్ట అభినయింపబడుతుంది కూడా. అయినప్పటికీ శాస్త్రజ్ఞులు, అటవీ అధికారులు దీనిని ఆదివాసుల పురాణం క్రింద జమకట్టినారు. గద్ద పొరపాటున పుల్లను పట్టి ఉంటుందనీ, వేడి తగిలి వదిలి ఉంటుందనీ వారి సమాధానం.

2017లో మార్క్ బోంటా అనే భూగోళశాస్త్ర అధ్యాపకుడు, రాబర్ట్ గాస్‌ఫర్డ్ అనే న్యాయవాది మరి నలుగురితో కలసి మానవజాతులకూ ప్రాణికోటికీ గల సంబంధాన్ని పరిశీలించే ఒక పత్రికలో దీర్ఘవ్యాసం ప్రకటించినారు. అందులో ఆదివాసుల మాటలతోపాటు, మంటలార్పే ఉద్యోగంలో ఉండి ఈ దృశ్యాన్ని చూచిన ఇతరుల మాటలు కూడా చేర్చబడినవి. ఒకసారి కాక మళ్ళీ మళ్ళీ, ఒంటరిగానూ గుంపుగానూ పక్షులు ఈ పని చేసినట్లు సాక్షులు చెప్పినారు. వ్యాసకర్తల ఫిర్యాదు ఒకటున్నది. అధికారుల అపనమ్మకం వల్ల కార్చిచ్చుల కట్టడి ప్రణాళికలే దెబ్బతింటున్నవి. మంట దాటకుండా గడ్డి చెక్కి వదిలిన బాటను గద్ద దాటించగలదని ఒప్పుకోనివాడు, బాటకు అవతల మనిషిని కాపలా పెట్టడు గదా.

న్యాయవాది ఒకడు ఈ పరిశోధనలో ఉండటం యాదృచ్ఛికమే కావచ్చును గాని, విషయం మాత్రం ముమ్మాటికీ సాక్ష్యానికి సంబంధించినదే. ఆ వ్యాసానికి ఆధారం ప్రధానంగా చూచినవారి మాట. ప్రయోగశాల లేదు, కొలతలు లేవు. చూచితిమన్నవారిని ఏ మేరకు నమ్మవలెను? ఈ ప్రశ్న ఇస్లామీ విద్యలకు కొత్తది కాదు. హదీసు శాస్త్రమంతా దాని మీదనే నిలిచియున్నది: చెప్పినవాడెవడు, స్వయంగా చూచెనా లేక వినెనా, వేర్వేరు దారులలో వచ్చిన మాటలు కలుస్తున్నవా.

జంతువుల విషయంలో ఈ పద్ధతిని ఎక్కువగా వాడినవాడు బస్రా నగరపు జాహిజ్. హిజ్రీ 255లో (క్రీ.శ. 868–69) మరణించిన ఆ మహారచయిత కితాబుల్ హయవాన్ అనే ఏడు సంపుటాల గ్రంథంలో అరిస్టాటిల్‌ను గౌరవంతో ఉదాహరిస్తూనే, కంటితో చూచిన రుజువు లేనిచోట నిర్మొగమాటంగా తప్పుపట్టినాడు. తత్వవేత్తలు జంతువులను గురించి వ్రాసినదంతా దాదాపుగా అరబ్బు ఎడారివాసుల మాటలలో, కవిత్వంలో ముందే ఉన్నదని అతని వాదం. వేటగాండ్రను, పాములవాండ్రను అడిగి తెలుసుకొనడానికి అతడు సిగ్గుపడలేదు. సందేహించడం నేర్చుకొనవలెనని బోధించినవాడే, చదువురానివాని అనుభవాన్ని త్రోసిపుచ్చరాదని కూడా చెప్పినాడు. 1962 నాటి ఆస్ట్రేలియా పండితులలో ఈ రెండవ గుణం కొరవడినదనుట అన్యాయం కాదు.

అయితే జాహిజ్ గ్రంథంలోనే ఒక హెచ్చరిక కూడా ఉన్నది. నిప్పులో ప్రవేశించినా ఈక కాలని సమందల్ అనే పక్షి ప్రస్తావన అందులో వస్తుంది. ఐదు శతాబ్దాల తరువాత కైరోలో హిజ్రీ 808లో (క్రీ.శ. 1405) గతించిన దమీరీ కూడా తన హయాతుల్ హయవాన్‌లో సమందల్‌కు స్థానమిచ్చినాడు. దాని నుండి తయారైనదని చెప్పే గుడ్డలు మురికిపట్టితే నిప్పులో వేసేవారట, శుభ్రపడి బయటికి వచ్చేవట. ఆ గుడ్డలు నిజంగానే ఉండేవి, నిప్పులో కాలేవి కావు. అవి రాతినార గుడ్డలు. గుడ్డను చూచినవారున్నారు, పక్షిని చూచినవారు లేరు. గుడ్డ నిజమైనందున పక్షి కూడా నిజమనుకున్నారు. నిప్పు గద్ద సంగతి ఇందుకు విరుద్ధం. ఇక్కడ పక్షిని చూచినవారున్నారు. వేర్వేరు తెగలవారు, వేర్వేరు కాలాలలో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే చేష్టను వర్ణించినారు. నమ్మకపోవడానికి మిగిలిన కారణం పక్షికి అంత బుద్ధి ఉండదన్న ముందస్తు అభిప్రాయమే.

ఇక సంకల్పం మాట. గద్ద పుల్లను ఎత్తినదని ఒప్పుకున్నా, మంట పెట్టడానికే ఎత్తినదని ఎట్లు తెలియును? జంతువు మనసును దాని చేష్టనుబట్టి నిర్ణయించడం ఫిఖహ్ గ్రంథాలలో వేట అధ్యాయంలో కనబడుతుంది. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిద సూరా 4వ వాక్యం శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదానిని ధర్మసమ్మతం చేసినది. తయ్ తెగ నాయకుడు అదీ బిన్ హాతిమ్ (ర) ప్రశ్నించగా, కుక్క వేటలో కొంత తిన్నట్లయితే దానిని తినవద్దనీ, అది తన కోసమే పట్టుకున్నదనీ మహాప్రవక్త (స) సెలవిచ్చినారు. తన కోసం పట్టినదా, యజమాని కోసం పట్టినదా అన్నదే ఇక్కడి తీర్పుకు మూలం.

మరి డేగ సంగతి? దక్కను మదరసాలలో తరతరాలుగా పాఠం చెప్పబడుతున్న హిదాయాలో మర్గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) పక్షికి వేరు ప్రమాణం చెప్పినాడు. కుక్క మూడుసార్లు తినకుండా వదిలితే శిక్షణ పూర్తి. డేగ పిలిస్తే తిరిగి రావడమే దాని శిక్షణకు గుర్తు. అది కొంత తిన్నా హనఫీ మతం ప్రకారం వేట చెడదు. కుక్క శరీరం దెబ్బకు ఓర్చుకొనును, కొట్టి తినడం మాన్పించవచ్చును. డేగ దేహం దెబ్బకు ఓర్వదు. పైగా మనుషులను చూచి బెదరిపోవడం డేగ స్వభావం కనుక, పిలిస్తే రావడం అది స్వభావాన్ని వదలి విద్య నేర్చినదనడానికి రుజువు. షాఫియీ పండితులు దీనితో ఏకీభవించలేదు. వివాదం ఎట్లున్నా, పుట్టుకతో వచ్చినది వేరు, నేర్చినది వేరు అని వారు చేసిన విభజన నేటి పక్షి శాస్త్రానికి పనికివచ్చేదే. స్వభావసిద్ధంగా పక్షి నిప్పును చూచి పారిపోవలెను. దానికి విరుద్ధంగా నిప్పు దగ్గరికి పోయి, పుల్లను కాలని కొసన పట్టుకొని, కాలని చోటికి చేర్చి, అక్కడనే వేచియుండే పక్షిని ఏ కోవలో చేర్చవలెనో మర్గీనానీ తర్కం ప్రకారం ఆలోచించవచ్చును. ఇబ్న్ సీనా (మరణం హిజ్రీ 428, క్రీ.శ. 1037) జంతువులకు వహ్మ్ అనే అంతరింద్రియం ఉన్నదనీ, గొర్రె తోడేలును చూడగానే శత్రుత్వాన్ని గ్రహించేది దానితోనేననీ చెప్పినాడు. కాని గద్ద గ్రహించవలసినది ఎదుట ఉన్న శత్రుత్వాన్ని కాదు, ఇంకా లేని మంటను.

పక్షి మెదడు చిన్నది కనుక బుద్ధి కూడా అల్పమన్న నమ్మకం 20వ శతాబ్దమంతా చెల్లినది. అది 21వ శతాబ్దంలో కూలినది. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే న్యూ కాలెడోనియా కాకి, ఎవరూ నేర్పకుండానే, తీగను కొక్కెంగా వంచి గొట్టంలోని తిండిని పైకి తీసినది. 2016లో 28 జాతుల పక్షుల మెదళ్ళను లెక్కించినప్పుడు, చిలుకలలోనూ కాకులు చేరిన గాయక పక్షుల వర్గంలోనూ నాడీకణాలు అదే బరువు గల కోతి మెదడులో కన్న సగటున రెట్టింపు ఉన్నట్లు తేలినది. ఖాబీలుకు సోదరుని శవాన్ని ఎట్లు కప్పవలెనో చూపినది కాకియేనని చదివినవారికి ఇది అంత ఆశ్చర్యం కలిగించదు. కాని ఒక జాగ్రత్త అవసరం. గద్ద కాకి కాదు, చిలుక కాదు. కాకుల ప్రయోగఫలితాన్ని గద్దకు అంటగట్టరాదు. మూడింటిలో గోధుమరంగు డేగ మాత్రం, జన్యు పరిశీలన ప్రకారం, గద్దల కన్న చిలుకలకే దగ్గరి చుట్టం. గద్ద బుద్ధిని గద్ద నడతలోనే వెదకవలెను.

ఆ నడతకు 2011లో స్పెయిన్ దేశపు దోన్యానా నుండి ఒక రుజువు వచ్చినది. అక్కడి నల్ల గద్దలు గూటిని తెల్ల ప్లాస్టిక్ ముక్కలతో అలంకరిస్తాయి. బలమైన జంటలే ఎక్కువగా అలంకరిస్తాయి, బలహీనులూ మరీ చిన్నవీ ముసలివీ మానుకొంటాయి; అది తోటి గద్దలకు చేసే హెచ్చరిక అని పరిశోధకులు నిర్ణయించినారు. తినడానికి పనికిరాని వస్తువును గద్ద ఎత్తుకొనిపోవడం ఎప్పుడూ పొరపాటే కానక్కరలేదన్నమాట.

ఇక్కడ హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన మరొక హదీసు గుర్తుకు వస్తుంది. అది కూడా సహీహ్ బుఖారీలోనిదే. ఒక అరబ్బు తెగవారి వద్ద నల్లజాతి బానిస స్త్రీ ఉండేది. ఆమెకు విముక్తి లభించినా వారితోనే ఉన్నది. ఒకనాడు ఆ ఇంటి బాలిక ఎర్రతోలు పట్టీల హారం ధరించి బయటికి వచ్చినది. ఆమెయే తీసిపెట్టెనో, జారిపడెనో, అది నేలమీద ఉండగా గద్ద వచ్చి మాంసమనుకొని తన్నుకొనిపోయినది. ఇంటివారు వెదకినారు, కనబడలేదు. నేరం ఆ స్త్రీ మీద మోపినారు. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. ఒళ్ళంతా, దాచుకొనదగిన అవయవాలు సైతం విడువక, సోదా చేసినారు. ఆమె వారి మధ్య నిలబడియుండగానే ఆ గద్ద తిరిగి వచ్చి హారాన్ని వారి నడుమ పడవేసినది. మీరు నా మీద మోపిన నింద ఇదిగో, నేను నిర్దోషిని అని ఆమె చెప్పినది.

ఈ హదీసులో ఆమె పేరు లేదు. గద్ద మాంసమనుకొన్నదన్న మాట ఉన్నది. వస్తువును చూచి పక్షి ఏమనుకొన్నదో చెప్పడానికి ఉల్లేఖకులు సంకోచించలేదు. అది ఎందుకు తిరిగి తెచ్చి వేసినదో మాత్రం చెప్పలేదు. ఆ తరువాత ఆమె మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించినది. ఆమె కోసం మస్జిద్‌లో ఒక చిన్న గుడారం ఉండేది. హజ్రత్ ఆయిషా (ర) వద్దకు వచ్చి కూర్చొని మాట్లాడినప్పుడల్లా ఆమె ఆ హారం నాటి దినాన్ని తలచుకొంటూ ఒక పద్యం చదివేది. ప్రతిసారీ ఇదే ఎందుకు చదువుతావని హజ్రత్ ఆయిషా (ర) ఒకనాడు అడిగినారు. అప్పుడు ఆమె ఈ సంగతి అంతా చెప్పినది.