ఫాక్స్‌పీ3: ఈగ తల నుంచి వచ్చిన పేరు

ఫాక్స్‌పీ3 జన్యువుకూ నక్కకూ చుట్టరికం లేదు. 'ఫోర్క్‌హెడ్ బాక్స్' అన్న రెండు మాటలు కుదించుకుపోయి 'ఫాక్స్' అయ్యాయి. పండ్ల ఈగలో ఒక జన్యువు చెడితే పిల్లపురుగు తల దగ్గర పంగలకర్రలాంటి ఆకారం ఏర్పడింది. 1980ల చివర జర్మనీలో దాన్ని పరిశోధించినవారు ఆ జన్యువును ఫోర్క్‌హెడ్ అన్నారు. అలాంటి ప్రొటీన్లు మనిషిలోనూ వరసగా బయటపడటంతో అది ఇంటిపేరైంది. 'పీ' అందులో ఒక శాఖ.

మరో పేరూ ఉంది, స్కర్ఫీ. 1949లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కొన్ని మగ ఎలుకపిల్లలు చర్మం పొలుసులు రాలుతూ పుట్టాయి, వారాల్లోనే చనిపోయాయి; ఆ పేరు వాటి నుంచి వచ్చిందే. కారణమైన జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో పట్టుకున్నారు. మగపిల్లలకు వచ్చే ఐపెక్స్ అనే జబ్బుకూ ఇదే మూలమని అదే ఏడాది తేలింది. ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది కాబట్టి తల్లి ఆరోగ్యంగానే ఉన్నా కొడుక్కి సంక్రమించవచ్చు. పసితనంలోనే ఆగని విరేచనాలు, మధుమేహం, తామర! తల్లిదండ్రులకు అదెంత నరకమో. రోగనిరోధక కణాలను అదుపుచేసే టీ కణాలు ఈ జన్యువు లేనిదే తయారుకావని 2003లో షిమోన్ సకగుచి బృందం చూపింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. ఐపెక్స్ పిల్లలకు మూలకణ మార్పిడి చేస్తున్నారు.