కవి కన్నీటికి మనం పెట్టే పరీక్షలు



ఎక్కడైనా ఘోరం జరిగితే మన గుంపుల్లో రెండు చర్చలు మొదలవుతాయి. ఒకటి జరిగినదాని గురించి. రెండోది, దాని మీద ఎవరేమన్నారు అన్నదాని గురించి. పూట గడిచేసరికి రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. పాడేవాళ్లో రాసేవాళ్లో తమ బాధ నాలుగు మాటల్లో చెప్పుకుంటే, ‘ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా’ అంటాం, ‘అప్పుడు ఆ సంగతి మీద ఎందుకు నోరు విప్పలేదు’ అంటాం, ‘అంతా పేరు కోసమే’ అంటాం. ఊరుకుంటే ‘గుండె లేదా’ అంటాం. బెంగళూరులో ఉన్నా బరంపురంలో ఉన్నా, సోలాపూరులో ఉన్నా యానాంలో ఉన్నా మన తీరు ఇదే. ఇది సెల్‌ఫోన్లతో వచ్చిన జబ్బని కొందరు పెద్దలు అంటున్నారు. కాదు. నూరేళ్ల కిందటే రవీంద్రనాథ్ టాగూరు అంతటి మనిషికి ఈ పరీక్షలన్నీ పెట్టారు. ఆ కథ ఒకసారి చెప్పుకుందాం.

1919 మొదటి నెలల్లో టాగూరు దక్షిణాది పర్యటనలో ఉన్నారు. బెంగళూరు, మైసూరు, మద్రాసు తిరిగారు. ఫిబ్రవరి చివరలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. ‘జనగణమన’కు ఇంగ్లీషు అనువాదం ఆయన తన చేత్తో రాసింది అక్కడే. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిందీ అక్కడే. అంటే, మన ఊళ్ల మీదుగా నడిచి వెళ్లిన నెలన్నరకే ఆయన అమృత్‌సర్ వార్త వినాల్సి వచ్చింది.

ఏప్రిల్ 13, వైశాఖి పండగ రోజు. జలియన్‌వాలాబాగ్‌లో గుమికూడిన జనం మీద జనరల్ డయ్యర్ సుమారు పది నిమిషాలు కాల్పులు జరిపించాడు. 1,650 తూటాలు పేలాయి. చనిపోయినవారు 379 మంది అని సర్కారు లెక్క. కాంగ్రెసు విచారణ సంఘం దాదాపు వెయ్యి అంది. ఆ వెంటనే పంజాబులో సైనిక శాసనం పెట్టి వార్తలు బయటికి పొక్కకుండా చూశారు. బొంబాయిలో ‘బాంబే క్రానికల్’ సంపాదకుడు హార్నిమన్‌ను ఏప్రిల్ నెలాఖరులోనే ఓడెక్కించి దేశం దాటించారు. అందుకే దేశానికి నిజం ముక్కలు ముక్కలుగా అందింది. టాగూరుకూ అలాగే అందింది.

‘మరి అప్పుడే ఎందుకు మాట్లాడలేదు’ అని అడిగేవాళ్లు ఇక్కడ ఆగాలి. ఆయన మొదట ఒంటరిగా ఏదీ చేయాలనుకోలేదు. తాను, గాంధీ కలిసి నిషేధాన్ని ధిక్కరించి పంజాబులో అడుగుపెడదామని సి.ఎఫ్. ఆండ్రూస్ ద్వారా కబురు పంపారు. గాంధీ ఒప్పుకోలేదు. అప్పుడు కలకత్తాలో చిత్తరంజన్ దాస్ దగ్గరికి వెళ్లి, నిరసన సభ పెట్టమన్నారు. మీరే అధ్యక్షత వహించి మీరే మాట్లాడండి అన్నట్టుగా సాగింది అక్కడి సంభాషణ. ఎలాగూ తానొక్కడే మాట్లాడాలంటే సభ దేనికి అనుకుని ఇంటికి వచ్చేశారు. ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారేసరికి వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌కు ఉత్తరం సిద్ధమైంది. 1915లో తనకిచ్చిన ‘సర్’ బిరుదు వద్దని అందులో రాశారు. తోటి జనం ఇంత అవమానంలో ఉండగా తన మెడలో గౌరవ చిహ్నం వేలాడటమే సిగ్గుచేటని, ఏ ప్రత్యేకతా లేకుండా వాళ్ల పక్కన నిలబడతానని దాని సారాంశం. కాస్త మెత్తగా రాయమని ఆండ్రూస్ అడిగినా ఆయన మార్చలేదు. జూన్ మొదటి వారంలో పత్రికల్లో వచ్చింది.

ఇక జనం ఏమన్నారో చూడండి.

సర్కారుది ఒక ఎత్తు. బిరుదు తీసేసే అధికారం తనకు లేదు, తీసేయమని రాజుగారికి సిఫార్సూ చేయను అన్నాడు వైస్రాయ్. అంటే చెవిన వేసుకోనట్టే. తెల్లవాళ్ల పత్రికలు ఎగతాళి చేశాయి.

మనవాళ్లది ఇంకో ఎత్తు. గాంధీ మద్రాసు నాయకుడు శ్రీనివాస శాస్త్రికి రాసిన ఉత్తరంలో, కవి లేఖ మండుతున్నదే గానీ తన దృష్టిలో తొందరపాటు అన్నారు. ఆ వెంటనే, అందుకు ఆయన్ని తప్పు పట్టలేమనీ అన్నారు. ఈ రెండో మాట మరిచిపోవద్దు. ఒకరి పద్ధతి నచ్చకపోయినా అతని బాధను శంకించకుండా ఉండటం ఎలాగో అందులో ఉంది. ఆ డిసెంబరులో కాంగ్రెసు మహాసభ అమృత్‌సర్‌లోనే జరిగింది. రక్తం ఆరని ఊళ్లో, మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన. టాగూరు లేఖను అభినందిస్తూ అక్కడ ఒక్క తీర్మానమూ రాలేదు. ఈనాడు పాఠ్యపుస్తకాల్లో అంత గొప్పగా చదువుకునే సంగతి ఆనాడు ఆ వేదిక మీద అలా గడిచిపోయింది.

తర్వాతి సంవత్సరం ఇంగ్లండు వెళితే, ‘గీతాంజలి’ని నెత్తిన పెట్టుకున్న పాత మిత్రుల్లో కొందరు ముభావంగా ఉండిపోయారు. అదే 1920 జులైలో ప్రభువుల సభ డయ్యర్ పక్షాన ఓటు వేసింది. ‘మార్నింగ్ పోస్ట్’ పత్రిక అతని కోసం చందాలు పోగు చేస్తే 26,000 పౌండ్ల పైన వచ్చాయి. కాల్పులు జరిపించినవాడికి డబ్బు, బాధపడినవాడికి చల్లని చూపు.

ఇంతటితో అయిపోతే ‘దొరలు అంతేలే’ అని సరిపెట్టుకోవచ్చు. అసలు మెలిక ఇప్పుడుంది. జలియన్‌వాలాబాగ్‌లో స్మారకం కట్టాలని దేశం చందాలు వేస్తుంటే, టాగూరు దానికి ఒప్పుకోలేదు. 1920 ఏప్రిల్ 13న బొంబాయిలో జిన్నా అధ్యక్షతన జరిగిన సంవత్సరీక సభకు పంపిన సందేశంలోనూ, కోపాన్ని రాతిలో చెక్కి తర్వాతి తరాలకు అప్పగించవద్దనే అర్థం వచ్చేలా రాశారు. ఏడాది కిందట సర్కారు మీద నిప్పులు చెరిగిన మనిషే ఇలా అనేసరికి చాలామందికి మింగుడుపడలేదు. 1921లో విదేశీ వస్త్ర దహనాన్ని కాదన్నప్పుడు ఆ అసంతృప్తి బాహాటమైంది. బిరుదు వదులుకున్నప్పుడు ‘మనవాడు’, ఇప్పుడు ‘ఎటూ కానివాడు’.

మాకు అర్థమైనంతలో చిక్కంతా ఇక్కడే ఉంది. కళాకారుడి దుఃఖం మనకు కావలసిన జెండాగా పనికొస్తేనే దాన్ని నిజమైన దుఃఖంగా ఒప్పుకుంటాం. టాగూరు రాసింది జెండా కాదు, తన ఒక్కడి సిగ్గు. అందుకే సర్కారుకు పనికిరాలేదు, కాంగ్రెసుకూ పూర్తిగా పనికిరాలేదు. పనికిరాకపోవడమే దాని నిజాయితీకి గుర్తు.

అలాగని కళాకారుడి ప్రతి మాటా నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. స్మారకం విషయంలో టాగూరుది సరైన మాటేనా అని ఈనాటికీ వాదించుకోవచ్చు. చచ్చిపోయినవారి ఇంటివాళ్లకు ఒక రాయి, ఒక పేరు, ఒక తేదీ కావాలి. వాళ్ల కోరిక కవి అభ్యంతరం కన్నా పెద్దదని మాలో కొందరి అభిప్రాయం. కానీ అభిప్రాయంతో తగువు పడటం వేరు, ‘నీ ఏడుపు దొంగ ఏడుపు’ అనడం వేరు. మనం మొదటిది మానేసి రెండోదాంట్లో పడుతున్నాం.

మన భాష వాళ్ల సంగతీ ఒకటి చెప్పుకోవాలి. పంజాబు ఘోరం తర్వాత లేచిన సహాయ నిరాకరణ కెరటంలోనే గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం వద్దంటూ పాట కట్టి జైలుకెళ్లారు. ఆ పాట ఆంధ్ర దేశమంతా ఊరూరా మోగింది. అదే మనిషి 1952లో మద్రాసు నగరంలో పేదరికంలో కన్నుమూశారు. తెలుగువాళ్లకు కొదవలేని ఊరది. పాటను మోసినంత సులువుగా పాట రాసినవాణ్ని మోయలేదు మనం. ‘పేరు కోసం రాశారు’ అని ఎవరి గురించైనా టైపు చేసే ముందు, ఆ పేరు ఆయనకేం తెచ్చిపెట్టిందో తలుచుకుంటే మంచిది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన సంతాప సభల్లో ఎవరు మాట్లాడాలి, ఎవరు పాడాలి అన్న దగ్గర మాట పట్టింపులు పెరుగుతున్నాయి. పొరుగు గడ్డ మీద తరాలుగా ఉంటున్నవాళ్లం. ఇక్కడి జనానికి కష్టమొస్తే ‘మీకేం పట్టింది’ అంటారేమోనని జంకు, ఆంధ్రాలోనో తెలంగాణలోనో కష్టమొస్తే ‘దూరాన ఉండి కబుర్లు’ అంటారేమోనని జంకు. ఈ రెండు జంకుల మధ్య మన పాటగాళ్లు, హరికథలు చెప్పేవాళ్లు, కవులు నోరు మూసుకుంటే నష్టం సంఘానికే.

కాబట్టి కార్యవర్గం ముందు మా మనవి చిన్నది. సంతాప సభకు కళాకారుల్ని పిలిస్తే ఏం మాట్లాడాలో మనం రాసివ్వొద్దు. మాట్లాడలేనన్నవాళ్లను బలవంతపెట్టొద్దు, ఆ మౌనానికి అర్థాలు అంటగట్టొద్దు. మాట్లాడినవాళ్ల మాట నచ్చకపోతే ఆ మాటతోనే వాదిద్దాం. ఆలస్యంగా వచ్చిన మాటకు తలుపు వేయొద్దు. టాగూరు ఉత్తరానికీ ఏడు వారాలు పట్టింది.

సభ్యులు మీ అభిప్రాయాలు రాయండి. వాదన వచ్చినా ఫరవాలేదు. పోయినవారిని మాత్రం మధ్యలో మరిచిపోవద్దు.