పూలకుండీ అడుగున లంగరు

పక్కింటి పెద్దమ్మ పూజగదిలో బంతిపూలు పెట్టే ఇత్తడి పాత్ర ఒకటుంది. నా చిన్నప్పట్నించీ చూస్తున్నాను. పొడవుగా ఉంటుంది, మూతి దగ్గర కాస్త సన్నబడుతుంది, అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. అది ఫిరంగి తూటా డొల్ల అని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరిదన్న దగ్గరే తేడా.

"మా మావ పోర్ట్‌బ్లెయిర్లో పాత సామాన్ల కొట్లో కొన్నాడు నాయినా. ఇంగ్లీషోళ్ళదని సెప్పేవోడు" అంటుంది పెద్దమ్మ.

మొన్న దసరాకి తోమడానికి బయటపెట్టినప్పుడు టేపు తీసుకుని కూర్చున్నాను. ముందు అడుగు చూశాను. మధ్యలో మందు అంటించే బిళ్ళ, దాని నడుమ పిన్ను గుద్దిన గుంట ఉన్నాయి. లోపల కూడా ఖాళీయే, అంటే పేలిపోయిందే. ఈ రెండూ చూడకుండా ఇలాంటివి ముట్టుకోకూడదు. గుండు ఇంకా తగిలించి ఉన్న తూటా గానీ, తుప్పు పట్టిన ఇనప గుండు గానీ ఇసుకలో కనిపిస్తే కదపకుండా పోలీసులకు చెప్పాలి. ఎనభై ఏళ్ళు గడిచినా మందు మందే.

మూతి లోపలి కొలత 76 మిల్లీమీటర్లు దాటింది. మూడంగుళాలు. ఇంగ్లీషువాళ్ళ పన్నెండు పౌన్ల నౌకా ఫిరంగి కొలత 76.2 మిల్లీమీటర్లే కాబట్టి పెద్దమ్మ మావగారి మాటే నిజమనిపించింది. కానీ జపాన్ నౌకాదళం మొదట తన మూడంగుళాల ఫిరంగుల్ని ఇంగ్లండులోని ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ నుంచే కొన్నది, తర్వాత అదే నమూనాలో సొంతంగా చేసుకుంది. పేరుకి ఎనిమిది సెంటీమీటర్లన్నా గొట్టం లోపల మాత్రం అదే 76.2. కొలత ఇద్దరికీ సరిపోయింది. ఇక ముద్రే చెప్పాలి. ఇంగ్లీషు ప్రభుత్వ సామానుకి పక్షి కాలి గుర్తులాంటి బాణం ఉంటుంది. జపాన్ నౌకాదళానిది లంగరు.

ఇక్కడే నా గుండె జారింది. అడుగంతా అద్దంలా ఉంది. ఏళ్ళ తరబడి పండగ పండగకీ చింతపండూ బూడిదా పెట్టి తోమిన చేతులు ముద్రల్ని దాదాపు అరగదీసేశాయి. పల్చటి కాగితం పరిచి పెన్సిలు పక్కకి వంచి మెల్లగా రుద్దాను. రెండుసార్లు నలుపే వచ్చింది. మూడోసారి, బిళ్ళకీ అంచుకీ మధ్యన, చిటికెన వేలి గోరంత బొమ్మ తేలింది. నిలువు గీత, కింద రెండు వంపు కొక్కేలు. లంగరు!

మా అండమాన్ దీవుల కథకి అది సరిగ్గా అతుకుతుంది. 1942 మార్చి 23న జపాన్ సేన పోర్ట్‌బ్లెయిర్లో దిగేసరికి ఇంగ్లీషు దండు ముందే తరలిపోయింది, ఎదురుకాల్పులు లేవు. రెండు వారాలకే, ఏప్రిల్ 6న, జపాన్ నౌకాదళం విమానాలే మా పెద్దలు ఓడెక్కిన విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. 1945 అక్టోబరులో లొంగిపోయేదాకా ఇక్కడి పెత్తనం నౌకాదళానిదే. లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిందీ వైస్ అడ్మిరల్ హారానే. మేం పట్నం వెళ్ళే దారిలో హంఫ్రీగంజ్ స్మారకం ఉంది, 1944 జనవరి 30న నలభై నలుగుర్ని అక్కడ కాల్చి చంపిందీ ఆ దొరతనంలోనే. ఆ దారిన బస్సులో ఎన్నిసార్లు పోయానో. ఈ కాగితం జేబులో పెట్టుకుని పోయిన రోజు మాత్రం దిగి కాసేపు నిలబడ్డాను.

సాయంత్రం పెద్దమ్మకి కాగితం చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మరి ఇందులో పూలు పెట్టొచ్చా నాయినా?"

"పెట్టు పెద్దమ్మా. అడుగు మాత్రం తోమకు."

ఈ సంక్రాంతికి చూశాను. పాత్ర ఒళ్ళంతా బంగారంలా మెరుస్తోంది. తిప్పి చూస్తే అడుగు నల్లబడుతోంది.