టెక్సాస్ కౌంటీ ప్రభుత్వ రికార్డులు: పొందే విధానం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో కౌంటీ ప్రభుత్వాల దగ్గరుండే దస్తావేజులు, రిజిస్టర్లు, ఖాతాలు, ఉత్తరప్రత్యుత్తరాలను ఎవరైనా చూడవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. ఇందుకు మూడు దారులున్నాయి. ఇళ్ల దస్తావేజులు, పెళ్లి లైసెన్సుల వంటివి కౌంటీ క్లర్కు కార్యాలయంలో అందరికీ అందుబాటులో ఉంటాయి. ఒప్పందాలు, బిల్లులు, ఈమెయిళ్ల వంటి వాటికి టెక్సాస్ ప్రజా సమాచార చట్టం కింద రాతపూర్వకంగా అడగాలి. కోర్టు కాగితాలకు ఆ చట్టం వర్తించదు, సంబంధిత కోర్టు క్లర్కు దగ్గరికే వెళ్లాలి. కొన్ని రికార్డులు మాత్రం చట్టరీత్యా గోప్యం. ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుందో తెలిస్తే సగం పని అయినట్టే.

కౌంటీ స్వరూపం

కౌంటీని మన జిల్లాతో పోల్చవచ్చు గానీ అక్కడ అన్ని శాఖలనూ సమన్వయపరిచే కలెక్టరు ఉండరు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన 'కమిషనర్స్ కోర్టు' పాలన చూస్తుంది. పేరులో కోర్టు ఉన్నా అది ప్రధానంగా బడ్జెట్లు, రోడ్లు, కాంట్రాక్టుల మీద నిర్ణయాలు తీసుకునే పాలక మండలి. కౌంటీ క్లర్కు, డిస్ట్రిక్ట్ క్లర్కు, షెరీఫ్, పన్నుల అధికారి ఎవరికి వారు ప్రజల ఓట్లతో నెగ్గి వస్తారు. ప్రజా సమాచార చట్టం ప్రకారం ఎన్నికైన ప్రతి కౌంటీ అధికారీ తన కార్యాలయపు రికార్డులకు తానే సంరక్షకుడు. షెరీఫ్ దగ్గరి కాగితాన్ని కమిషనర్లను అడిగితే పని జరగకపోవడానికి కారణం ఇదే.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. 2020 జనగణన నాటికి హ్యూస్టన్ నగరమున్న హ్యారిస్ కౌంటీ జనాభా 47 లక్షలు దాటింది. పశ్చిమాన లవింగ్ కౌంటీలో ఉన్నది 64 మంది. జనాభా మరీ తక్కువున్న కౌంటీల్లో ఇద్దరు క్లర్కుల పనీ ఒక్కరే చూడవచ్చు. నగరం పేరును బట్టి కౌంటీని ఊహించడం కూడా ప్రమాదమే. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన ఫ్రిస్కోలో కొంత భాగం కాలిన్ కౌంటీలోనూ, కొంత డెంటన్ కౌంటీలోనూ ఉంది. ఒకే ఊళ్లో రెండు ఇళ్ల దస్తావేజులు రెండు వేర్వేరు కౌంటీ కేంద్రాల్లో ఉండవచ్చు.

చట్టం పుట్టుక

1971లో హ్యూస్టన్‌లోని షార్ప్‌స్టౌన్ స్టేట్ బ్యాంకు చుట్టూ పెద్ద కుంభకోణం బయటపడింది. బ్యాంకు యజమానికి అనుకూలమైన బిల్లుల కోసం రాష్ట్ర నాయకులు షేర్ల లాభాలు అందుకున్నారన్నది ఆరోపణ. ప్రతినిధుల సభ స్పీకరు గస్ మట్షర్ 1972లో దోషిగా తేలారు. ఆ కోపంతోనే ఓటర్లు చాలామంది పాత సభ్యులను ఇంటికి పంపారు. కొత్త శాసనసభ 1973లో తెచ్చిన సంస్కరణల్లో 'ఓపెన్ రికార్డ్స్ యాక్ట్' ఒకటి. తర్వాత దాని పేరు ప్రజా సమాచార చట్టంగా మారి, గవర్నమెంట్ కోడ్‌లో 552వ అధ్యాయమైంది. ప్రజలు అధికారాన్ని అప్పగించినంత మాత్రాన, వారికి ఏది తెలియాలో ఏది తెలియకూడదో తేల్చే హక్కు సేవకులకు దక్కదన్నది ఆ అధ్యాయం మొదట్లోనే చెప్పిన సూత్రం.

1966లో వచ్చిన ఫెడరల్ సమాచార స్వేచ్ఛ చట్టాన్ని కౌంటీల మీద ప్రయోగించడం చాలామంది చేసే పొరపాటు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థలకే పరిమితం. కౌంటీలను అడగాల్సింది రాష్ట్ర చట్టం కింద.

ఏ కాగితం ఎక్కడ

కౌంటీ క్లర్కు: ఇళ్లు, స్థలాల దస్తావేజులు, తనఖా పత్రాలు, లేఅవుట్ పటాలు, పెళ్లి లైసెన్సులు, చిన్న వ్యాపారాలు పెట్టుకునే మారుపేర్ల నమోదు, కమిషనర్స్ కోర్టు తీర్మానాలు, చాలాచోట్ల వీలునామా కేసులు. మన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం చేసే పనిలో చాలా భాగం ఇక్కడ జరుగుతుంది.

డిస్ట్రిక్ట్ క్లర్కు: విడాకులు, పెద్ద నేరాలు, పెద్ద మొత్తాల సివిల్ దావాల ఫైళ్లు.

అప్రైజల్ డిస్ట్రిక్ట్: ప్రతి ఆస్తికీ పన్ను కోసం కట్టిన విలువ, యజమాని పేరు, స్థలం, కట్టడం కొలతలు. ఇది కౌంటీలో శాఖ కాదు, 1979 నాటి చట్టంతో ఏర్పడిన వేరే సంస్థ. చాలా కౌంటీల్లో దీని వెబ్‌సైట్‌లో పేరుతో గానీ చిరునామాతో గానీ వెతకవచ్చు.

పన్నుల అధికారి: పన్ను బకాయిలు, చెల్లింపులు, వాహనాల రిజిస్ట్రేషన్. వాహన యజమాని వ్యక్తిగత వివరాలకు మాత్రం 1994 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఉంది.

షెరీఫ్: జైలు రికార్డులు, తన పరిధిలోని ఫిర్యాదుల నివేదికలు.

ఒక దస్తావేజును దగ్గరగా చూస్తే

టెక్సాస్‌లో ఇల్లు అమ్మిన దస్తావేజు తెరవగానే పైన పెద్ద అక్షరాలతో ఒక గమనిక ఉంటుంది: ఈ పత్రాన్ని రికార్డు చేయించేలోపు సోషల్ సెక్యూరిటీ నంబరును, డ్రైవింగ్ లైసెన్సు నంబరును కొట్టేసుకోవచ్చని. ఒకసారి రికార్డయితే ఆ కాగితాన్ని లోకమంతా చూడవచ్చు కాబట్టే ఆ హెచ్చరిక. కింద అమ్మినవారు, కొన్నవారు, ఆ తర్వాత ఆస్తి వివరణ. అందులో ముఖ్యమైనది వీధి నంబరు కాదు, లాటు, బ్లాకు, ఏ లేఅవుటు అన్నదే.

ధర దగ్గర చూసి కొత్తవారు తికమకపడతారు. లక్షల డాలర్ల ఇంటికి చాలా దస్తావేజుల్లో '10 డాలర్లు, ఇతర ప్రతిఫలం' అని మాత్రమే ఉంటుంది. అమ్మకం ధరను ప్రభుత్వానికి వెల్లడించాలన్న నిబంధన టెక్సాస్‌లో లేకపోవడమే ఇందుకు కారణం. అసలు ధర గురించి కొంత అంచనా కావాలంటే దాని వెంట రికార్డయిన 'డీడ్ ఆఫ్ ట్రస్ట్' చూడాలి. అదే తనఖా పత్రం, అందులో అప్పు మొత్తం ఉంటుంది. అప్పు తీరాక బ్యాంకు ఇచ్చే విడుదల పత్రం కూడా రికార్డయిందో లేదో ఇక్కడే తేలుతుంది.

మన దగ్గర ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఆస్తి మీద నమోదైన లావాదేవీలన్నీ ఒక్క కాగితంలో వచ్చేస్తాయి. కౌంటీ క్లర్కు అలాంటిది తయారుచేసి ఇవ్వరు. అమ్మినవారి పేర్లతో ఒకటి, కొన్నవారి పేర్లతో ఒకటి సూచికలుంటాయి. వాటిని పట్టుకుని ఒక్కో చేతి మార్పునూ వెనక్కి వెతుక్కోవాలి. ఇల్లు కొనేటప్పుడు టైటిల్ కంపెనీకి డబ్బు కట్టేది ప్రధానంగా ఈ వెతుకులాటకూ, దాని మీద ఇచ్చే బీమాకూ.

అభ్యర్థన రాసే పద్ధతి

క్లర్కు సూచికల్లో దొరకని కాగితాలకు అభ్యర్థన పెట్టాలి. పోస్టులో పంపవచ్చు, స్వయంగా ఇవ్వవచ్చు, కౌంటీ ప్రకటించిన ఈమెయిల్ చిరునామాకూ పంపవచ్చు. కొన్ని కౌంటీలు ఆన్‌లైన్ పోర్టళ్లు కూడా నడుపుతున్నాయి. నోటిమాటగా అడిగితే చట్టం ఇచ్చే గడువులు, రక్షణలు వర్తించవు. అడిగేవారు అమెరికా పౌరులై ఉండాలన్న షరతు లేదు. ఎందుకడుగుతున్నారని అధికారి ప్రశ్నించకూడదు. ఏ కాగితం కావాలో స్పష్టం కాకపోతే వివరణ కోరవచ్చు. దానికి 61 రోజుల్లోగా జవాబివ్వకపోతే అభ్యర్థన వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఇక్కడ అడగాల్సింది కాగితాన్ని, ప్రశ్నను కాదు. చట్టం ఉన్న రికార్డును ఇమ్మంటుందే తప్ప లేనిదాన్ని తయారుచేయమనదు, సందేహాలు తీర్చమనీ అనదు. 'మా రోడ్డుకు అంత ఖర్చు ఎందుకైంది?' అని రాస్తే జవాబు రాకపోవచ్చు. '2023 జనవరి నుంచి డిసెంబరు వరకు ఫలానా రోడ్డు పనికి కుదిరిన ఒప్పందం, కాంట్రాక్టరు ఇచ్చిన బిల్లులు, చెల్లింపు వోచర్ల నకళ్లు' అని రాస్తే తప్పించుకునే సందు ఉండదు. ప్రజాధనం ఖర్చుకు సంబంధించిన ఒప్పందాలు, వోచర్లు సాధారణంగా బయట పెట్టి తీరాల్సినవే.

గడువులు, రుసుములు

రికార్డును ఆలస్యం లేకుండా ఇవ్వాలి. 10 పనిదినాల్లో ఇవ్వలేకపోతే ఆ సంగతి రాతపూర్వకంగా తెలిపి, ఎప్పుడిస్తారో తేదీ చెప్పాలి. చాలామంది 10 రోజులను గడువుగా చెప్పుకుంటారు గానీ వెంటనే ఇవ్వగలిగిన కాగితాన్ని అన్నాళ్లు అట్టే పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

మామూలు కాగితం నకలు పేజీకి 10 సెంట్లు. 50 పేజీలు దాటితే వెతికి, తీసిచ్చే శ్రమకు గంటకు 15 డాలర్ల చొప్పున వేయవచ్చు. మొత్తం 40 డాలర్లు మించేలా ఉంటే ముందే పద్దులవారీ అంచనా పంపాలి. దానికి 10 పనిదినాల్లో బదులివ్వకపోతే అభ్యర్థన రద్దయిపోతుంది. అంచనా చూసి బెదరకుండా కాలపరిమితిని తగ్గించి మళ్లీ రాయడం తెలివైన పని. నకళ్లు వద్దు, వచ్చి చూసుకుంటానంటే చాలా సందర్భాల్లో రుసుమే ఉండదు.

ఈ ధరలు సమాచార చట్టానివి. క్లర్కు దగ్గర రికార్డయిన దస్తావేజులకు వేరే చట్టం ప్రకారం పేజీకి 1 డాలరు. ధ్రువీకరణ ముద్ర కావాలంటే మరో 5 డాలర్లు.

ఇవ్వనివి, దాచలేనివి

జనన రికార్డులు 75 ఏళ్లు, మరణ రికార్డులు 25 ఏళ్లు గోప్యం. ఈలోగా ధ్రువపత్రాలు దగ్గరి కుటుంబసభ్యుల వంటి అర్హులకే ఇస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబర్లు, న్యాయవాది సలహాలు, దర్యాప్తులో ఉన్న కేసుల వివరాలకు మినహాయింపులున్నాయి. అయితే అరెస్టు గురించిన ప్రాథమిక సమాచారాన్ని దర్యాప్తు పేరుతో దాచకూడదు.

మినహాయింపు ఎంత దూరం పోవచ్చో మెకాలెన్ నగరం ఉదంతం చూపింది. 2015లో అక్కడి క్రిస్మస్ పరేడ్ కచేరీకి గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్‌కు ఎంత చెల్లించారో నగరపాలక సంస్థ చెప్పలేదు. అదే ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు బోయింగ్ కేసులో ఇచ్చిన తీర్పు పోటీ, బిడ్డింగుకు సంబంధించిన మినహాయింపును విస్తరించడం దానికి ఆసరా అయింది. శాసనసభ 2019లో చట్టాన్ని సవరించి ఆ దారిని చాలావరకు మూసింది.

నిరాకరణ ఎదురైతే

టెక్సాస్ పద్ధతిలోని ప్రత్యేకత ఇది: కౌంటీ తనంతట తాను 'ఇవ్వం' అని ఫైలు మూసేయడం చాలా సందర్భాల్లో కుదరదు. 10 పనిదినాల్లో రాష్ట్ర అటార్నీ జనరల్‌ను తీర్పు కోరాలి. ఆ సంగతి అడిగినవారికీ తెలపాలి. వారు కూడా తమ వాదన అటార్నీ జనరల్‌కు పంపుకోవచ్చు. అక్కడి నుంచి 45 పనిదినాల్లో నిర్ణయం రావాలి, అవసరమైతే ఇంకో 10 పనిదినాలు పొడిగించుకోవచ్చు. కౌంటీ గడువు దాటిస్తే, బలమైన కారణం చూపితే తప్ప ఆ కాగితం బహిరంగమైనదిగానే చట్టం భావిస్తుంది.

అసలు ఉలుకూ పలుకూ లేకపోతే ఫిర్యాదు చేయవచ్చు, సమాచారం ఇమ్మని ఆదేశించే 'రిట్ ఆఫ్ మాండమస్' కోసం కోర్టుకు వెళ్లవచ్చు. నిర్లక్ష్యంతో సమాచారం నిరాకరించడం నేరం. 1,000 డాలర్ల వరకు జరిమానా, 6 నెలల వరకు జైలు పడవచ్చు.

భారత చట్టంతో పోలిక

భారత సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం పౌరులే అడగాలి, గడువు 30 రోజులు. నిరాకరిస్తే అప్పీలుకు వెళ్లాల్సింది అడిగినవారే. టెక్సాస్‌లో ఆ భారం మొదట కౌంటీ మీద పడుతుంది. అమెరికా అంతటా ఇదే పద్ధతి ఉండదు. 1972లో ప్రజాభిప్రాయ ఓటుతో చట్టం తెచ్చుకున్న వాషింగ్టన్ రాష్ట్రంలో 5 పనిదినాల్లో ఏదో ఒక బదులు రావాలి. వర్జీనియా హక్కును తన రాష్ట్రవాసులకే పరిమితం చేస్తే, 2013లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

తెలుగువారు గమనించాల్సినవి

మన పేర్లు సూచికల్లో సులభంగా దొరకవు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, మొదటి పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. దస్తావేజులోకీ అదే ఎక్కవచ్చు. చౌదరి వంటి పేర్లకు ఇంగ్లిషులో నాలుగైదు వర్ణక్రమాలున్నాయి. ముందు అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో చిరునామాతో వెతికి, అక్కడ పేరు ఎలా ఉందో, లాటు, బ్లాకు ఏమిటో రాసుకుని, తర్వాత క్లర్కు సూచికలోకి వెళ్లడం మేలు.

కౌంటీ క్లర్కు ఇచ్చిన పెళ్లి పత్రాన్ని భారత్‌లో చూపాలంటే ధ్రువీకరించిన నకలు తీసుకుని, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంతో అపోస్టిల్ వేయించుకోవాలి. ఒక దేశపు పత్రాన్ని మరో దేశం గుర్తించేందుకు వేసే ఈ అపోస్టిల్ ముద్రకు మూలమైన అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 2005 నుంచీ ఉంది.

ఇల్లు కొన్న కొత్తలో ప్రభుత్వ నోటీసులా కనిపించే ఉత్తరాలు వస్తుంటాయి. మీ దస్తావేజు నకలు పంపుతాం, ఫలానా తేదీలోగా పదుల డాలర్లు కట్టండని వాటి సారాంశం. అవి కౌంటీ పంపినవి కావు, కట్టనక్కర్లేదు. నాలుగు పేజీల దస్తావేజుకు కౌంటీ క్లర్కు ముద్ర వేసి ఇచ్చే నకలు ఖరీదు 9 డాలర్లు.