గరిటె కాడలో అరుంధతి

అమెరికాలో మన పెళ్ళిళ్ళు చాలామటుకు పగటిపూటే జరుగుతాయి. సప్తపది అయ్యాక పురోహితులు వధూవరులను హాలు బయటికి తెచ్చి అరుంధతిని చూడమంటారు. వాళ్ళు ఎండలో కళ్ళు చికిలించి తలలూపుతారు. పట్టపగలే చుక్కలు చూపించడమంటే ఇదేనని వెనకనుంచి ఏ బాబాయిగారో అననే అంటారు. నవ్వుకుందాం గానీ, ఆ చుక్క కథ మన పిల్లలకు చెప్పదగ్గది.

ఇక్కడి బడిలో బిగ్ డిప్పర్ అని నేర్పేది మన సప్తర్షి మండలమే. ఆ గరిటె కాడలో నడిమి చుక్క వసిష్ఠుడు. దాని పక్కనే మిణుకుమనేది అరుంధతి. పాశ్చాత్యులకు ఇవి మైజార్, ఆల్కార్. భారతం అరణ్యపర్వంలో, అగ్నిని ప్రేమించిన స్వాహాదేవి ఆరుగురు ఋషిపత్నుల రూపాలు ధరించగలిగింది గానీ అరుంధతి రూపం ధరించలేకపోయింది. నిందపడ్డ ఆ ఆరుగురూ భర్తలకు దూరమై కృత్తికలయ్యారు. అరుంధతి మాత్రం భర్త పక్కనే నిలిచింది.

ఇవి జంట నక్షత్రాలని మన ఋషులకు ముందే తెలుసంటూ వాట్సాప్‌లో సందేశాలు తిరుగుతుంటాయి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కనుక ఇక్కడ నాకో పేచీ ఉంది. పక్కపక్కన కనబడడం వేరు, ఒకదానికొకటి కట్టుబడి ఉండడం వేరు. రెండోది తేల్చడానికి పరికరాలు కావాలి. వసిష్ఠుడిలోనే రెండు చుక్కలున్నాయని 1617లో గెలీలియో, ఆయన శిష్యుడు కాస్తెల్లి దూరదర్శినితో చూశారు. 1857లో హార్వర్డ్‌లో వీటిని ఫోటో తీశారు. వసిష్ఠుడి రెండు చుక్కల్లో పెద్దది మళ్ళీ జంటేనని 1889లో అక్కడి పికరింగ్ ప్రకటించాడు. దాని వెలుగును రంగులుగా విడదీస్తే, అందులోని గీతలు ఒకప్పుడు ఒకటిగా, మరొకప్పుడు రెండుగా కనబడడమే ఆధారం. చిన్నదీ జంటేనని తర్వాత తేలింది. 2009లో అరుంధతికీ ఒక మసక తోడు దొరికింది. అరుంధతీ వసిష్ఠులు గురుత్వాకర్షణతో ముడిపడి ఉన్నారన్న మాటకు ఆ పరిశోధనలే బలమిచ్చాయి. సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో, మొత్తం ఆరు నక్షత్రాల ఉమ్మడి కుటుంబం!

మరి మన పెద్దల గొప్పతనమేమిటి? ముందు పెద్ద చుక్కను చూపి, దాని ఆసరాతో చిన్నదాన్ని పట్టుకోమన్నారు. వేదాంతులు దీన్నే అరుంధతీ న్యాయమన్నారు. మిరుమిట్లు గొలిపేదాని పక్కన మసకగా ఉన్నదాన్ని ఓపికగా వెతకడం కాపురానికి కావలసిన విద్యే కదా! ఈ గొప్పకు లేని సైన్సును అతికించక్కర్లేదు.

కార్తీకమాసపు సాయంత్రాల్లో ఈ జంట మన ఊళ్ళలో కనబడదు. న్యూజెర్సీలో, చికాగోలో అయితే ఏడాది పొడుగునా అస్తమించదు. దీపాల వెలుగుకు కాస్త దూరంగా పిల్లల్ని తీసుకెళ్ళి ఉత్తరం వైపు చూపించండి. ముందు గరిటె, తర్వాత కాడ, ఆ తర్వాత అరుంధతి.