సోఫీ స్కాట్

సోఫీ స్కాట్ బ్రిటన్‌కు చెందిన నాడీశాస్త్రవేత్త. చెవికి చేరిన శబ్దం మెదడులో మాటగా ఎలా రూపొందుతుందనే అంశంపై మెదడు చిత్రణ పద్ధతులతో ఈమె చేసిన పరిశోధనలు ప్రసిద్ధి చెందాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యురాలిగా, అక్కడి కాగ్నిటివ్ న్యూరోసైన్స్ సంస్థకు డైరెక్టరుగా పనిచేసింది.

తొలి జీవితం

ఈమె 1966లో ఇంగ్లాండులోని బ్లాక్‌బర్న్ పట్టణంలో జన్మించింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుండి డాక్టరేటు పొందింది. లయబద్ధంగా పలికే మాట ఏ క్షణాన పడినట్లు చెవికి తోస్తుందన్నది ఈమె సిద్ధాంత వ్యాసంలోని విషయం. తరువాత కొంతకాలం కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి లండనుకు తిరిగి వచ్చింది.

మాటను గుర్తించే మార్గం

ఎడమ మెదడులో టెంపొరల్ లోబ్ వెనుక భాగం దెబ్బతిన్నవారికి మాటలు వినిపించినా అర్థం కావని జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె 1874లో వివరించాడు. అందువలన ఆ భాగమే మాటలను గ్రహించే కేంద్రమని చాలాకాలం భావించారు. అయితే మాట విన్నపుడు మెదడులో కనిపించే స్పందన అర్థానికి సంబంధించినదా, కేవలం శబ్దానికి సంబంధించినదా అని విడదీయడం కష్టం.

ఈ చిక్కుకు స్కాట్, కాట్రిన్ బ్లాంక్, స్టూవర్ట్ రోజెన్, రిచర్డ్ వైజ్ కలిసి ఒక ఉపాయం కనుగొన్నారు. వారు నాలుగు రకాల శబ్దాలను ఉపయోగించారు. మొదటిది మామూలు మాట. రెండవది స్వరం తొలగించి గరగరలాడే శబ్దంగా మార్చిన మాట; కొంత అలవాటైతే ఇది అర్థమవుతుంది. మిగిలిన రెండు వీటినే పౌనఃపున్యాలు తలక్రిందులు చేసి తయారుచేసినవి. ఇవి అంతే సంక్లిష్టమైనవైనా అర్థం కావు. యంత్రపు రొద తక్కువగా ఉండే పెట్ స్కానింగును వాడడం వలన శబ్దాలను స్పష్టంగా వినిపించగలిగారు. అర్థమయ్యే రెండింటికి మాత్రమే ఎడమ టెంపొరల్ లోబ్ ముందు భాగం స్పందించింది. ఈ ఫలితాలు 2000లో 'బ్రెయిన్' పత్రికలో వెలువడ్డాయి.

ఈ నిర్ణయంపై చర్చ జరిగింది. కయోకో ఒకాడా, గ్రెగరీ హికాక్ తదితరులు 2010లో ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. ద్వారా జరిపిన అధ్యయనంలో మెదడు రెండు వైపులా, ముందు వెనుక భాగాలు రెండింటిలోను స్పందన కనిపించింది. కనుక మాటను గ్రహించడం ఒకే కేంద్రం పని కాదనే అభిప్రాయం బలపడింది.

నవ్వుపై పరిశోధన

మాటలు లేని ధ్వనులను కూడా ఈమె అధ్యయనం చేసింది. బ్రిటిష్ వారు, నమీబియాలోని హింబా ప్రజలు ఒకరి నవ్వును మరొకరు గుర్తించగలరని ఈమె సహరచయితగా 2010లో వెలువడిన వ్యాసం తెలిపింది.

గుర్తింపు

* 2016 - బ్రిటిష్ అకాడమీ సభ్యత్వం.
* 2017 - లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు.
* 2021 - రాయల్ సొసైటీ వారి మైకేల్ ఫారడే బహుమతి.