అంబాసిడర్ కింద ఆయిల్ మరక: బగ్గా, ఫీచరా?

అంబాసిడర్ నిలిపిన చోట ఆయిల్ మరక చూడనివాళ్ళు మనలో తక్కువ. "పాత డబ్బా, కారక ఏం చేస్తుంది" అనేసేవాళ్ళం. అసలు సంగతి డిజైన్లోనే ఉంది.

హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన ఈ కారులో చాలా ఏళ్ళు ఉన్నది బ్రిటిష్ బీఎంసీ వాళ్ళ 1489 సీసీ ఇంజను. దాని క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర రబ్బరు సీలు లేదు, మర లాంటి గాడి ఉండేది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్ని లోపలికి నెడుతుంది. ఆపేశాక నెట్టేదెవరు? నాలుగు చుక్కలు కింద పడతాయి. అంటే ఫీచరే అన్నమాట!

1983లో వచ్చిన మారుతి 800 లాంటి రబ్బరు సీళ్ళున్న ఇంజన్లలో మాత్రం చుక్క పడితే లోపం కిందే లెక్క.

అలాగని తడి కనిపించగానే ఇంజను విప్పించక్కర్లేదు. దుమ్ము పట్టిన పల్చటి చెమ్మ ఉండి, చుక్క కట్టకుండా, డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గకుండా ఉంటే తుడిచేసి, కొన్నాళ్ళకి మళ్ళీ చూడండి. లెవెల్ తగ్గుతుంటే మాత్రం ఆలస్యం వద్దు, బేరింగులు పట్టేస్తాయి. వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడుతుంటే నిప్పే అంటుకోవచ్చు. సీలు మార్చేముందు బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడమనండి. లోపల ఒత్తిడి పెరిగితే కొత్త సీలూ కారుతుంది.

మరక చూసి కంగారుపడేకన్నా డిప్‌స్టిక్ రీడింగు తేదీ వేసి రాసుకోండి. రోజూ సర్వర్ లాగులు చూసేవాళ్ళం, ఇదో లెక్కా మనకి?